మడ అడవి ఒడ్డున మార్కుల లెక్క

రంగత్‌కు రైలు లేదు. తపాలా ఉద్యోగులున్నారు, కళాశాలల్లో చదివే వారి బిడ్డలున్నారు. 1991 నాటి సుప్రీంకోర్టు ఆదేశం ఫలితంగా ఏ శాఖ విద్యార్థికైనా పర్యావరణ పాఠం తప్పనిసరి అయింది. ఆశయం శ్లాఘనీయమే. అయితే యు.జి.సి. తొలి పాఠ్యప్రణాళికలో 50 తరగతులకు క్షేత్రపరిశీలనకు దక్కినవి 5. నూరు మార్కుల్లో 75 వ్రాతపరీక్షవే! ఇప్పుడు ‘అభ్యసన ఫలితాల’ పేరిట మరికొన్ని పట్టికలు. ఇదేమి కొలత? ధనీనాలా మడ అడవిని ఎరిగిన బిడ్డ దాని నిర్వచనం వల్లిస్తేనే నేర్చినట్లా? మడవేళ్లు అలల ఉరవడిని ఎలా తగ్గిస్తాయో అక్కడే నిలబెట్టి అడగరేం? గాంగ్‌మన్ పనిని పట్టాల మీదనే పరీక్షిస్తారు గదా! సగం మార్కులు క్షేత్రపరిశీలనకు కేటాయించాలి. అధ్యాపకుని, విద్యార్థుల ప్రయాణవ్యయం ప్రభుత్వమే భరించాలి.