తవుడు చేపలకు, తెల్లబియ్యము మనకు

కొల్లేటి ప్రాంతపు చేపల చెరువుల గట్లపై నూనె తీసిన తవుడు బస్తాలు దొంతరలుగా నుండుట మన విద్యార్థులలో ననేకు లెఱుగుదురు. శీలావతికిని బొచ్చెకును నదియే ముఖ్యమైన మేత. మన యేలూరు, తాడేపల్లిగూడెము ఇండ్లలోనన్ననో, బియ్య మెంత తెల్లగా నున్న నంత గౌరవము. పైపొరలోని పీచు చేపలపాలు, లోపలి పిండి మనపాలు. ఈ పంపకము న్యాయమైనది కాదని నా యభిప్రాయము.

ఈ కీడు మనకు క్రొత్తది కాదు. గత శతాబ్ది తొలినాళ్లలో ఉత్తర సర్కారు జిల్లాలలో పాలిషు బియ్యము తినువారికి బెరిబెరి వ్యాధి వచ్చుచుండెను. 1918లో కూనూరున మెకారిసన్ దొర యారంభించిన బెరిబెరి పరిశోధనయే పెరిగి, నేడు హైదరాబాదున జాతీయ పోషకాహార సంస్థగా నున్నది. నాటి నష్టము విటమినుది. నేటి నష్టము పీచుది.

నేటి వ్యాధి ఫ్యాటీ లివరు. కాలేయమున నూటికి 5 పాళ్లకు మించి క్రొవ్వు చేరుటయే యిది. త్రాగుబోతులకే వచ్చునను నమ్మిక సరికాదు. మద్యము ముట్టనివారికిని, బొజ్జ పెరిగిన బాలురకును వచ్చుచున్నది. నొప్పి లేకయే చాలకాలము ముదురును.

దీనికిని పీచునకును ఏమి సంబంధమందురా? మన కరగని కొన్ని పీచులను పెద్దప్రేగులోని సూక్ష్మజీవులు పులియబెట్టి బ్రదుకును. అట్టి యాహారమునకు 1995లో ప్రీబయాటిక్ అను పేరు పెట్టిరి. ఆ పులియుటచే బుట్టు ఆమ్లములు ప్రేగు గోడను బలపరచును. ప్రేగులనుండి వచ్చు రక్తము మొదట కాలేయమునకే పోవును గనుక, గోడ సడలినచో సూక్ష్మజీవుల విషములును అచ్చటికే చేరును. చీనా వైద్యులు 200 మంది రోగులను రెండు జట్లు చేసి, ఒక జట్టునకు 4 నెలలు దినమునకు 40 గ్రాముల చొప్పున తేలికగా నరగని మొక్కజొన్నపిండి నిచ్చిరి. ఆ జట్టువారి కాలేయమున క్రొవ్వు తగ్గినదని 2023లో ప్రకటించిరి.

ఇంతమాత్రమున డబ్బాలలో నమ్ము పొడులకై పరుగిడ నక్కఱలేదు. ఉల్లిలోను వెల్లుల్లిలోను ప్రీబయాటిక్ పీచు గలదు. ఉల్లికి తాడేపల్లిగూడెముకంటె పెద్ద సంత మనకెక్కడ? పప్పుధాన్యములును మంచివే. అన్నము చల్లారినపుడు అందలి పిండిలో కొంత యరగని రూపము దాల్చును. చద్దియన్నమును మెచ్చుకొనుట కిదియొక కారణము. అయినను చద్దియు నన్నమే, రెండింతలు తినవచ్చునని కాదు. తీపి పానీయములు మానక, ఆటలాడక, ఉల్లి నమలినంత మాత్రమున కాలేయము బాగుపడదు.

పదేండ్లు దాటినవారికి దినమునకు కనీసము 25 గ్రాముల పీచు వలెనని ప్రపంచారోగ్య సంస్థ 2023లో చెప్పినది. తెల్లయన్నము, పలుచని చారుగల పళ్లెమున నది కుదరదు. దంపుడు బియ్యము పిల్లలు తినరనియు, త్వరగా ముక్కవాసన వచ్చుననియు వసతిగృహ నిర్వాహకు లందురు. రెండును నిజమే. కావున వారమునకు రెండు దినములు తక్కువ పాలిషు బియ్యముతో నారంభింపుడు; తక్కిన దినములలో కూర రెట్టింపు చేసి, అన్నపు గరిటె యొకటి తగ్గింపుడు. మజ్జిగలో ఉల్లిముక్కలు వేసినచో పిల్లలు కాదనరు. తరుగవలసిన వంటవాండ్రు మాత్రము కొంత గొణుగుదురు.