అతికించారా? ఆ ముక్క అట్ట మీదే రాయండి

నా దగ్గర ఒక బల్లి మొహం వాడున్నాడు. పేరు బోస్క్. స్టార్ వార్స్ సినిమాల్లో డబ్బులిస్తే ఎవర్నైనా వేటాడి పట్టిచ్చే కిరాయి మనిషి. తెర మీద కనిపించేది కాసేపే గానీ బొమ్మల లోకంలో వాడికి మంచి గిరాకీ ఉంది. మూడు ముప్పావు అంగుళాల ప్లాస్టిక్ బొమ్మ, పక్కన వాడి తుపాకీ, రెంటినీ కప్పుతూ ప్లాస్టిక్ బబుల్, దాని వెనక 1983 నాటి 'రిటర్న్ ఆఫ్ ద జెడై' అట్ట. సిన్సినాటి దగ్గర ఒక టాయ్ షోలో 160 డాలర్లు పోసి కొన్నాను. "ఫ్యాక్టరీ సీల్, ఎవరి చెయ్యీ పడలేదు" అన్నాడు అమ్మినాయన.

పడింది. ఇవాళ్టి గోల అదే.

ఈ పిచ్చి లేనివాళ్ళ కోసం ముందు కాస్త పూర్వకథ. మొదటి సినిమా 1977లో వచ్చింది. బొమ్మలు చేసే హక్కులు సిన్సినాటిలోని కెన్నర్ కంపెనీవి. సినిమా అంత ఆడుతుందని వాళ్ళు ఊహించలేదు, క్రిస్మస్ నాటికి బొమ్మలు తయారు కాలేదు. ఏం చేశారో తెలుసా? అట్ట కవర్లో ఒక సర్టిఫికెట్ పెట్టి అమ్మారు! దాన్ని పోస్టులో పంపితే 1978లో నాలుగు బొమ్మలు ఇంటికొస్తాయి. ప్రోడక్ట్ లేకుండా రోడ్‌మ్యాప్ అమ్మడం మన ఇండస్ట్రీ కనిపెట్టిన విద్య అనుకునేవాణ్ణి ఇన్నాళ్ళూ :)

అక్కణ్ణుంచి 1985 దాకా తొంభైకి పైగా రకాలు వచ్చాయి. అట్ట వెనక ఎన్ని బొమ్మలు చూపిస్తే ఆ అట్టకి ఆ పేరు. మొదటిది 12 బ్యాక్, చివర్లో వచ్చింది 92 బ్యాక్. వెర్షన్ నంబరు ప్యాకింగ్ మీదే ఉందన్నమాట.

ఇప్పుడు వాటిని కొనేవాళ్ళలో ఒక వర్గానికి అట్ట మీద ముడత ఉండకూడదు, బబుల్ పచ్చబడకూడదు, షాపులో కొక్కేనికి తగిలించే కన్నం కూడా గుచ్చి ఉండకూడదు. వందకి మార్కులేసే సంస్థలున్నాయి. అట్టకి వేరే, బబుల్‌కి వేరే, బొమ్మకి వేరే మార్కులేసి యాక్రిలిక్ పెట్టెలో బిగించి ఇస్తాయి. ఎంసెట్ ర్యాంకులు చూసి పెరిగినవాణ్ణి, నాకు ఇందులో ఆశ్చర్యం లేదు. కానీ నా జీతానికీ నా మనసుకీ నచ్చేవి నలిగినవే. ధర తగ్గించిన స్టిక్కర్ మీద ఇంకో స్టిక్కర్ ఉన్నవి. ముఖ్యంగా 'ప్రూఫ్ ఆఫ్ పర్చేజ్' ముక్క కత్తిరించేసినవి. అలాంటివి నాలుగు పంపితే బోబా ఫెట్ బొమ్మ ఉచితం అని కెన్నర్ ప్రకటించింది. వీపు మీంచి రాకెట్ ఎగురుతుందని ఊరించి, పిల్లల గొంతులో ఇరుక్కుంటుందనే భయంతో చివరికి రాకెట్ కదలని బొమ్మ పంపింది. ఆ రాకెట్ ఎగిరే నమూనా ఒకటి 2024 వేలంలో 5,25,000 డాలర్లు పలికింది. అట్ట మీద ఆ చదరపు చిల్లు చూసినప్పుడల్లా నాకు పోస్ట్‌మ్యాన్ కోసం గేటు దగ్గర కాపు కాసిన పిల్లాడు కనిపిస్తాడు. దానికి మార్కులు తగ్గించడం ఏం న్యాయమో!

మనకేం సంబంధం అనకండి. ఎంఆర్ఎఫ్ వాళ్ళు, హాస్బ్రో కలిసి 1987లో మొదలుపెట్టిన ఫన్‌స్కూల్ మన దేశంలో చేసిన జి.ఐ.జో బొమ్మల్ని అమెరికన్లు వెతికి మరీ కొంటారు. రంగులు అక్కడివాటికన్నా వేరుగా ఉంటాయని. టీవీ రిమోట్‌కి కవరు తీయని జాతి మనది, ఎవరి షోకేసులో ఏముందో ఒకసారి చూసుకోండి.

సరే, బోస్క్ దగ్గరికొద్దాం.

అసలు బబుల్‌ని అట్టకి వేడితో, ఒత్తిడితో అంటిస్తారు. లాగితే అట్ట పైపొర, బొమ్మ అచ్చేసిన కాగితం, చిరిగి దాంతోపాటు వచ్చేస్తుంది. చిరక్కుండా విడదీయాలంటే పల్చటి బ్లేడు, కాస్త వేడి, బోలెడు ఓపిక కావాలి. మళ్ళీ అంటించడానికి జిగురు. కొన్ని కొత్త జిగుర్లు అల్ట్రావయొలెట్ లైటు కింద మెరుస్తాయి. కొన్ని మెరవవు, అంచేత మెరవకపోతే అసలుదే అని ధీమా పడకూడదు. నాది మెరిసింది. బబుల్ కింది అంచు పొడుగునా తెల్లగా, నత్త పాకిన చారలాగా.

ఎందుకు తెరిచారో తెలీదు. ఊడిపోతే అంటించారేమో. లేదా విడి బొమ్మని, విడి తుపాకీని పాత అట్ట మీద పెట్టి 'సంసారం' కలిపారేమో. రెండోదానికి డబ్బే కారణం. జావా అనే బుల్లి పాత్రనే తీసుకోండి. మొదట్లో దానికి వినైల్ అంగీ వేశారు, తర్వాత గుడ్డ అంగీకి మారారు. వినైల్ది అరుదు, ధరలో చుక్కలు చూపిస్తుంది. ఇంకేముంది, వేరే బొమ్మ అంగీ కత్తిరించి జావాకి తొడిగే మహానుభావులు బయల్దేరారు.

అయితే నేను రీసీల్ చేయడాన్ని తప్పు పట్టట్లేదు. ఊడిన బబుల్ అంటించుకుంటే తప్పేంటి? చిరిగిన పెద్దబాలశిక్షకి అట్ట వేసుకోమా? నా గొడవల్లా ఒక్కటే. అంటించిన సంగతి ఆ వస్తువు మీద ఉండదు, అమ్మేవాడి నోట్లో ఉంటుంది. మొదటివాడు నిజాయితీగానే చెప్తాడు. రెండోవాడు చెప్పడం మర్చిపోతాడు. మూడోవాడికి అసలు తెలీదు, "ఫ్యాక్టరీ సీల్" అని నమ్మకంగా అంటాడు. నాకమ్మినాయన ఈ మూడోవాడే అయ్యుండచ్చు, అందుకే ఆయన్ని తిట్టలేకపోతున్నాను. ప్రొడక్షన్‌లో హాట్‌ఫిక్స్ వేసి కామెంట్ రాయకుండా రిజైన్ చేసిపోయినవాడు గుర్తొస్తున్నాడా? కోడ్ పనిచేస్తూనే ఉంటుంది. తర్వాత వచ్చినవాడి రాత్రి నిద్ర పోతుంది.

కాబట్టి నేననేది, అంటించినవాడు చెరగని సిరాతో అట్ట వెనక రాయాలి. ఎక్కడ, ఎప్పుడు అంటించాడో రెండు ముక్కలు చాలు. ఇదేం వింత కోరిక కాదు. అమెరికాలో 1973లోనే హాబీ ప్రొటెక్షన్ యాక్ట్ అని చట్టం చేశారు. పాత నాణేలకి నకళ్ళు చేస్తే వాటి మీద 'కాపీ' అని చెరగకుండా ముద్రించాలి. బొమ్మలకి ఆ భాగ్యం లేదు. కామిక్సుల్లో సీజీసీ అనే సంస్థ రిపేరు చేసిన పుస్తకానికి ఊదారంగు లేబుల్ వేస్తుంది. చాలా మంచి పద్ధతే గానీ, ఆ లేబుల్ ఉండేది పెట్టె మీద. పెట్టె పగలగొడితే పుస్తకం మళ్ళీ పతివ్రతే.

"రాస్తే విలువ పడిపోతుంది కదా" అంటారు. పడిపోదండీ, దాని అసలు విలువకి వస్తుంది. ఆ తేడా ఎవరో ఒకరి జేబులోంచి పోవాల్సిందే. రాయకపోతే ఎప్పుడో, ఎవరో తెలియనివాడి జేబులోంచి పోతుంది. "పాత అట్ట పాడుచేయడం పాపం" అనేవాళ్ళూ ఉన్నారు. ఈ మాటలో కొంచెం న్యాయం ఉందని ఒప్పుకుంటాను. నలభై ఏళ్ళ అట్ట మీద పెన్ను పెట్టాలంటే నాకూ చెయ్యి వణికింది. కానీ బ్లేడు పెట్టినప్పుడు లేని పాపం పెన్ను పెట్టినప్పుడు ఎక్కణ్ణుంచి వచ్చింది?

ఇంత నీతి చెప్తున్నానని నన్ను హరిశ్చంద్రుడు అనుకోకండి. నీలి లైటు కింద ఆ చార చూశాక నేను చేసిన మొదటి పని, అది పగటి వెలుతురులో కనిపిస్తుందా అని చూడటం. కనిపించలేదు. వారం తర్వాత ఒకాయన 170 ఇస్తానన్నాడు, "సీల్ ఉంది కదా?" అని ఒకే ప్రశ్న. మా రూమ్మేట్ "నీకెవడన్నా చెప్పాడా? మరి నువ్వెందుకు చెప్తావురా?" అన్నాడు. ఐదు సెకన్లలో నిర్ణయించుకున్నాను అని రాస్తే బావుంటుంది గానీ, రెండు రోజులు ఆయనకి జవాబివ్వలేదు. 'ఉంది' అని టైపు చేసి కూడా చెరిపేశాను. అబద్ధం కూడా కాదు చూడండి, సీల్ ఉంది నిజమే, ఎవరు వేశారన్నదే ప్రశ్న. ఆ తెలివితేటలు చూసుకుని నాకే భయమేసింది.

మూడో రోజు బాల్‌పెన్నుతో అట్ట వెనక రాశాను. "బబుల్ కింది అంచు తెరిచి మళ్ళీ అంటించారు, నేను కొనేముందే." కింద తేదీ. ఫోటో తీసి ఆయనకి పంపాను. "థ్యాంక్స్" అన్నాడు, మళ్ళీ పలకలేదు.

ప్రస్తుతం బోస్క్ 80 డాలర్లకి అమ్మకానికి ఉన్నాడు. ఎవరూ అడగలేదు. ఇంటికి ఎవరైనా వస్తే మా రూమ్మేట్ వాణ్ణి తెచ్చి వెనక్కి తిప్పి చూపిస్తున్నాడు, "మావాడి దస్తూరీ చూడండి, ఒక్కో అక్షరం రెండేసి డాలర్లు" అని.