పికప్పు ట్రక్కు: యజమాని మాట సరే, కూలీ మాట ఏది?

అమెరికాలో కొత్త బండ్లు కొన్నవాళ్లను ఏటా అడుగుతారు: ఎందుకు కొన్నావు, దేనికి వాడుతున్నావు, తృప్తిగా ఉన్నదా అని. ఈ పనికే ప్రత్యేక సంస్థలున్నాయి. వాటిలో ఒకటైన స్ట్రాటెజిక్ విజన్ లెక్కలు 2019లో పత్రికలకెక్కాయి. ట్రక్కు యజమానుల్లో నూటికి 75 మంది తమ బండికి ఏదైనా తగిలించి లాగేది ఏడాదికి ఒక్కసారి, లేదంటే అసలు లేదు. నూటికి 35 మంది వెనక తొట్టిలో సరుకు వేసేది కూడా ఏడాదికి ఒక్కసారికి మించదు. బరువు మొయ్యటానికి పుట్టిన బండి గతి ఇది! సేద్యానికని ఒంగోలు గిత్తల్ని కొనుక్కొచ్చి, కాడి ఎత్తకుండా, సంక్రాంతికి మాత్రం గజ్జెలు కట్టి వీధిలో తిప్పినట్టున్నది.

అమెరికా దొరల బండి సంగతి మనకెందుకు అని ఏ కూలీ సోదరుడైనా అడగవచ్చు. ఎందుకంటే, అది మొదట దొరల బండి కాదు, పని బండి. ఆ జాతి బండ్లే, చిన్న ఒంటితో, ఇవాళ మన ఊళ్లలో తెల్లవారకముందే హారన్ కొట్టి మనల్ని కూలికి ఎక్కించుకుపోతున్నాయి. అక్కడైనా ఇక్కడైనా బండి గురించి యజమానిని అడిగినవాళ్లున్నారు, కంపెనీని అడిగినవాళ్లున్నారు. తొట్టిలో కూర్చున్న మనిషిని అడిగిన పాపాన ఎవరూ పోలేదు. మేము చెప్పదలచినది అదే.

పని బండి పెద్దింటి బండి అయిన వైనం

1925లో ఫోర్డు కంపెనీ తన మోడల్-టి కారుకు వెనక ఇనుప తొట్టి బిగించి అమ్మింది. వెల 281 డాలర్లు. రైతు దానిలో పాల క్యాన్లు, గడ్డి మోపులు, కంచె కర్రలు వేసుకుపోయేవాడు. 1948లో ఎఫ్ వరుస ట్రక్కులు వచ్చాయి. 1977 నుంచి ఆ దేశంలో పికప్పుల అమ్మకాల్లో ఆ వరుసదే మొదటి స్థానం. అప్పట్లో బండి పొడవులో తొట్టి పెద్దది, మనుషులు కూర్చునే గది చిన్నది. ఇప్పుడది తిరగబడింది. నాలుగు తలుపుల గది పెరిగింది, తొట్టి కురచైపోయింది. తోలు సీట్లు వచ్చాయి, టీవీ పెట్టెంత తెర వచ్చింది. పెద్ద పికప్పు కొత్తది కొనాలంటే సగటున 60 వేల డాలర్లు దాటింది.

యజమానుల మాట కూడా వినాలి. అన్యాయంగా మాట్లాడటం మా పద్ధతి కాదు. ఎత్తున కూర్చుంటే రోడ్డంతా కనబడుతుందంటారు. మంచులో, బురదలో దిగబడదంటారు. ఇంటిల్లిపాదీ సుఖంగా పడతారంటారు. పశువుల పెట్టె లాగేవాడికి, వడ్రంగికి, ఇళ్లు కట్టే మేస్త్రీకి అది నిజంగానే కుడి భుజం. ఇందులో అబద్ధం లేదు. సణుగుడు కూడా ఆ నోటి నుంచే వస్తుంది. పెట్రోలు తాగేస్తున్నది. ఇంటి గ్యారేజీలో పట్టటం లేదు. టైర్లు మార్చాలంటే చేతి చమురు వదులుతున్నది. పూర్వం రెండు పానాలతో విప్పుకున్న రైతు ఇప్పుడు చిన్న లోపానికి కూడా కంప్యూటరున్న షెడ్డుకు పోవాల్సి వస్తున్నది. అన్నిటికంటే మించి వాయిదాలు. ఆరేళ్ల వాయిదా, ఏడేళ్ల వాయిదా. ఆ దేశ ప్రజల నెత్తిన ఉన్న బండ్ల అప్పు మొత్తం 1 లక్షా 60 వేల కోట్ల డాలర్లు దాటింది. బండి వాడిదే, తాళం చెవి వాడిదే, కాగితం మాత్రం బ్యాంకుది.

మరి ఇంత ఖరీదైన బండిని వాడే కోరుకున్నాడా? జనం అడిగారు, మేం చేశాం అంటాయి కంపెనీలు. ఇది సగం నిజం. మిగతా సగం ప్రభుత్వ కాగితాల్లో ఉన్నది. పశ్చిమ జర్మనీ, ఫ్రాన్సు మొదలైన దేశాలు అమెరికా కోళ్ల మీద సుంకం పెంచాయని, 1963 డిసెంబరులో అధ్యక్షుడు జాన్సన్ ఎదురు సుంకం వేశాడు. అందులో చిన్న ట్రక్కుల మీద నూటికి 25. 'కోళ్ల పన్ను' అని దానికి పేరు. కోళ్ల గొడవ సద్దుమణిగింది గానీ ట్రక్కుల మీద సుంకం దశాబ్దాల తరబడి నిలిచింది. బయటి దేశాల చౌక ట్రక్కు లోపలికి రాలేకపోయింది. 1975 చట్టం కింద కార్లకు ఇంధన పొదుపు నిబంధనలు పెట్టినప్పుడు ట్రక్కులకు సడలింపు దొరికింది. ఆ తర్వాత, చక్రాల మధ్య జాగా ఎంత పెద్దదైతే నిబంధన అంత సులువుగా ఉండే ఏర్పాటు కూడా వచ్చింది. వ్యాపారం పేరున 6,000 పౌన్ల తరగతికి మించిన బండి కొంటే ఆదాయపు పన్నులో పెద్ద మినహాయింపు. ఇన్ని దారులూ పెద్ద బండి వైపే వాలుగా ఉన్నప్పుడు నీళ్లు ఎటు పోతాయో రైతుకు వేరే చెప్పాలా?

ఖర్చు ఎవరి ఖాతాలో?

బండి ఎత్తు పెరిగితే లోపలివాడికి ధీమా, బయటివాడికి గండం. అమెరికాలో రహదారి భద్రతను పరిశోధించే బీమా కంపెనీల సంస్థ 2023లో తేల్చింది. ముందు భాగం 40 అంగుళాలకు మించి ఎత్తున్న బండి, 30 అంగుళాల లోపు ఉండి ముందుకు వాలిన బండి కంటే, పాదచారిని ఢీకొంటే ప్రాణం తీసే అవకాశం నూటికి 45 పాళ్లు ఎక్కువ. నలభై అంగుళాలంటే మూడడుగుల నాలుగంగుళాలు. బడిపిల్లవాడి తలకు తగిలే ఎత్తు. ఆ దేశంలో 2009లో సుమారు 4,100 మంది పాదచారులు రోడ్ల మీద చనిపోతే 2022లో ఆ సంఖ్య 7,500 దాటింది. దీనికి కారణాలు అనేకం. ఎత్తైన బండి వాటిలో ఒకటి.

ఆ బండిని తయారుచేసే కార్మికుడి సంగతీ చూద్దాం. 2023 సెప్టెంబరు 15న అమెరికా మోటారు కార్మికుల సంఘం మూడు పెద్ద కంపెనీల మీద ఒకేసారి సమ్మెకు దిగింది. అక్టోబరు 11న కెంటకీ రాష్ట్రంలోని ఫోర్డు ట్రక్కుల ఫ్యాక్టరీలో 8,700 మంది పని ఆపి బయటికొచ్చారు. ఏడాదికి 2,500 కోట్ల డాలర్ల రాబడి తెచ్చే ఫ్యాక్టరీ అని కంపెనీయే చెప్పుకున్నది. సమ్మె ఆరు వారాలు నడిచింది. 2028 ఏప్రిల్ దాకా అమలయ్యే ఒప్పందంలో మూల వేతనం నూటికి 25 పెరిగింది. లాభాల పంట పండే చోట చేయి పెట్టారు గనుకనే యజమానులు దిగివచ్చారు.

ఇక పొలంలో పనిచేసే కూలీ. ఆ దేశపు కార్మికశాఖ 2019-20 సర్వే ప్రకారం వ్యవసాయ కూలీ సగటు ఆదాయం ఏడాదికి 20 వేల నుంచి 25 వేల డాలర్ల మధ్య. అంటే పైసా తినకుండా దాచినా కొత్త పికప్పుకు రెండున్నరేళ్ల పైచిలుకు కష్టం కావాలి. వీళ్లలో ఎక్కువమంది మెక్సికో నుంచి వచ్చినవాళ్లు. 1935 కార్మిక సంబంధాల చట్టం సంఘం పెట్టుకునే హక్కుకు రక్షణ ఇచ్చినప్పుడు వ్యవసాయ కూలీని బయట ఉంచింది. 1938 వేతనాల చట్టమూ అంతే.

ఒక ఏడాది సంగతి మనం గుర్తుపెట్టుకోవాలి. 1963 సెప్టెంబరు 17న కాలిఫోర్నియాలోని చువలార్ దగ్గర కూలీలతో వస్తున్న బండిని రైలు గుద్దింది. అది బస్సు కాదు. సరుకు ట్రక్కు మీద పైకప్పు బిగించి, లోపల బెంచీలు వేసిన బండి. 32 మంది మెక్సికన్ కూలీలు చనిపోయారు. మూడు నెలలు తిరక్కుండానే, అదే ఏడాది డిసెంబరులో, పైన చెప్పిన కోళ్ల పన్ను మీద సంతకం పడింది. ట్రక్కు కంపెనీకి రక్షణ దొరికింది. ట్రక్కులో కూర్చున్నవాడికి దొరకలేదు. 1999 ఆగస్టులో అదే రాష్ట్రంలో బెంచీలు వేసిన వ్యానులో పోతూ 13 మంది టమాటా కూలీలు చనిపోయి, జనం గొడవ చేశాకగానీ, కూలీల బండ్లలో సీటుకు బెల్టు ఉండాలన్న చట్టం అక్కడ రాలేదు. ముప్పై ఆరేళ్లు పట్టింది!

మన తొట్టి బండ్లు

మన దగ్గర అంత పెద్ద ట్రక్కు లేదు. 2005లో టాటా ఏస్ వచ్చింది. అంతకు ముందూ తర్వాతా బొలేరో పికప్పులు, ట్రాలీ ఆటోలు, డీసీఎంలు వచ్చాయి. ఇక్కడ యజమాని చాలాచోట్ల డ్రైవరే. అర ఎకరం అమ్మో, ఇంటి ఆడవాళ్ల పుస్తెలు కుదవపెట్టో, ఫైనాన్సులో బండి తెచ్చుకున్న కుర్రవాడు. నెల తిరిగేసరికి వాయిదా కట్టకపోతే బండి గుంజుకుపోతారు. వాడిని దోపిడీదారు గాటన కట్టెయ్యటం తప్పు. అయితే వాడి వాయిదా తీరాలంటే తొట్టిలో పదిమంది బదులు పాతికమంది ఎక్కాలి. అక్కడ అప్పు యజమాని జేబు కోస్తే, ఇక్కడ అప్పు కూలీ ప్రాణం మీదికి తెస్తున్నది. తేడా అది.

ఎన్ని ఊళ్ల పేర్లు చెప్పమంటారు? 2018 జూన్ 24న యాదాద్రి భువనగిరి జిల్లా వేములకొండ దగ్గర ట్రాక్టరు ట్రాలీ మూసీ కాలువలో పడి, పొలం పనికి పోతున్న ఆడకూలీలు, ఒక పసివాడితో కలిపి 15 మంది పోయారు. 2024 సెప్టెంబరులో తూర్పు గోదావరి జిల్లా దేవరపల్లి మండలంలో జీడిపిక్కల బస్తాల మీద కూర్చున్న ఏడుగురు, మినీ లారీ తిరగబడి, ఆ బస్తాల కిందనే పోయారు. 2025 జులైలో పుల్లంపేట దగ్గర మామిడికాయల లారీ బోల్తాపడి తొమ్మిదిమంది కూలీలు పోయారు. కాయ కోసినవాళ్లు కాయల కిందే పడి చచ్చారు. ప్రతిసారీ మంత్రులు వస్తారు, పరిహారం ప్రకటిస్తారు, నాలుగు రోజులు ఆర్టీఓలు రోడ్డు మీద నిలబడతారు. అయిదోరోజు మళ్లీ అదే తొట్టి, అదే కిక్కిరింపు.

సరుకు బండిలో మనుషుల్ని ఎక్కించకూడదని నిబంధన ఉన్నదంటారు. ఉన్నది. మరి కూలీ దేనిలో పోవాలి? తెలంగాణలో 2023 డిసెంబరు నుంచి, ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు నుంచి ఆడవాళ్లకు బస్సు ఉచితం. మంచిదే. తెల్లవారుజామున అయిదింటికి ముఠా బయలుదేరేవేళ, డొంకదారిన మిరప చేని దాకా పోయే బస్సు ఏది? టికెట్టు లేకుండా ఎక్కవచ్చు, ఎక్కటానికి బస్సే లేదు!

బీమా సంగతి ఇంకా అన్యాయం. సరుకు బండిలో ఊరికే ఎక్కిన ప్రయాణికుడికి బీమా కంపెనీ బాధ్యత వహించనక్కర్లేదని 2002 డిసెంబరులో ఆశారాణి కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. సరుకు యజమాని గానీ, అతని ప్రతినిధి గానీ సరుకుతో పాటు పోతే చట్టం కింద రక్షణ ఉన్నది. తొట్టిలో కూలికి పోతున్న ఆడమనిషికి ఆ రక్షణ లేదు. బండివాడు కట్టాలంటే వాడి దగ్గర వాయిదా రసీదులు తప్ప ఏమీ లేవు. పిలిపించిన రైతూ, పంపిన మేస్త్రీ మాకేం సంబంధం అంటారు. చివరికి పీనుగు మాత్రం కూలీ ఇంటిదే.

చెయ్యవలసిన పని

కూలీని పొలానికి చేర్చే ఖర్చు, బాధ్యత పని చేయించుకునేవాడిదీ, కాంట్రాక్టు తీసుకున్న మేస్త్రీదీ కావాలి. బండి కిరాయిని కూలిలో కోత పెట్టే పద్ధతి పోవాలి. మిరప కోతలు, నాట్లు, మామిడి కాలంలో పల్లె బస్సుల్ని తెల్లవారుజామున నడపాలని డిపోల ముందు అడగాలి. అవి చేరలేని చోట సీట్లున్న బండ్లు కొనుక్కోవటానికి, ఇప్పుడు తొట్టి బండి నడుపుతున్న కుర్రవాళ్లకే తక్కువ వడ్డీకి అప్పు ఇప్పించాలి. కేవలం జరిమానాలు వేస్తే వాడు దొంగదారిన పోతాడు, మనం ఇంకా లోతు కాలువలో పడతాం. కూలికి పోయే దారిలో జరిగిన ప్రమాదానికి, బండి ఏదైనా సరే, బీమా వర్తించేలా చట్టం సవరించాలి.

ఈలోగా కార్యకర్తలు ఒక పని మరవవద్దు. ఎక్కడైనా ప్రమాదం జరిగితే ఎవరు పనికి పిలిచారు, ఎవరి చేనికి పోతున్నారు, మేస్త్రీ ఎవరు, సరుకు ఎవరిది, ఎత్తుడు దింపుడుకు ఆ బండి మీద కుదిరిన కూలీలా కాదా, ఈ సంగతులన్నీ పోలీసు కాగితంలో మొదటి రోజే ఎక్కేలా చూడాలి. కేసు నిలిచేదీ పోయేదీ ఆ నాలుగు ముక్కల మీదే. బాధలో ఉన్న కుటుంబానికి అప్పుడా ఊహ ఉండదు. పక్కన సంఘం ఉండాలి.

పికప్పు మంచి బండి. బరువు మోస్తుంది, బురద దాటుతుంది, రైతుకు అక్కరకొస్తుంది. దానితో మనకు పేచీ లేదు. మెత్తని సీటు ఎవరికి, ఇనుప తొట్టి ఎవరికి అన్నదే పేచీ. యజమాని తృప్తిని లెక్కగట్టటానికి సర్వేలున్నాయి. ఏ రోజు ఎవరు ఏ బండిలో ఎంతమందిమి పోయామన్న లెక్క మన సంఘాలే, ఈ కోతల కాలం నుంచే, ఊరూరా పుస్తకంలో రాసి పెట్టాలి. లెక్క చేతిలో ఉన్నవాడి మాట కలెక్టరాఫీసులో చెల్లుతుంది.