సమ్మె ముగిసిన తరువాత

మన శామీర్‌పేట రాజీవ్ రహదారి మీది ఊరు. సికింద్రాబాదు జూబ్లీ బస్‌స్టేషన్‌లో బయలుదేరి కరీంనగరు వైపు సాగే బస్సులు మన కళ్ళ ముందునుండే పోతాయి. బస్సు రాని రోజున పట్నం ఎంత దూరమో ఇక్కడి విద్యార్థికి చెప్పనక్కరలేదు. 2019 అక్టోబరు 5న అట్టి రోజు వచ్చి, 52 రోజులు నిలిచినది. నేనప్పుడు పాఠశాల విద్యార్థిని. సమ్మె కారణంగా దసరా సెలవులు అక్టోబరు 19 వరకు పొడిగించినారని విని సంతోషించినవారిలో నేనూ ఒకణ్ణి. ఆ సంతోషానికి నేడు సిగ్గుపడుతున్నాను.

ఆనాడు రోడ్డు రవాణా సంస్థలో సుమారు 48 వేల మంది డ్రైవర్లు, కండక్టర్లు, మెకానిక్కులు పని మానివేసినారు. వారి కోర్కెలు 26. మొదటిది, సంస్థను ప్రభుత్వంలో విలీనం చేయవలెనన్నది. జీతాల సవరణ, ఖాళీల భర్తీ వంటివి ఆ తరువాత. నిజాం కాలంలో, 1932లో, 27 బస్సులతోను 166 మంది ఉద్యోగులతోను రైల్వే శాఖలో భాగంగా మొదలైన సర్వీసు ఇది. పుట్టుకతోనే సర్కారుదైన బస్సును మళ్ళీ సర్కారులో కలపమనడం వింత కోర్కె ఏమీ కాదు. అయితే నవంబరు మధ్య వరకు నాయకులు ఆ ఒక్క పట్టు సడలించకపోవడం పొరపాటేనని నా అభిప్రాయం.

గడువులోగా విధులలో చేరనివారు తమంతట తామే ఉద్యోగాలు వదులుకొన్నట్లని నాటి ముఖ్యమంత్రి శ్రీ కె. చంద్రశేఖరరావు ప్రకటించినారు. తాత్కాలిక డ్రైవరుకు రోజుకు 1500, కండక్టరుకు 1000 రూపాయలిచ్చి బస్సులు నడిపించినారు. సెప్టెంబరులో చేసిన పనికి రావలసిన జీతం సైతం నిలిచిపోయినది. అది పండుగ ముందటి జీతం. ఖమ్మంలో ఒక డ్రైవరు ఒంటికి నిప్పంటించుకొని మరణించినాడు. ముఖ్యమైన కోర్కె ఏదీ నెరవేరకుండానే నవంబరు 25న సంఘాలు సమ్మె విరమించినవి.

ఆలోచించవలసినది తరువాతి కథ. డిసెంబరు 1న ముఖ్యమంత్రి ప్రగతి భవన్‌కు కార్మికులను పిలిపించి, పదవీ విరమణ వయస్సు 58 నుండి 60కి పెంచుతున్నామన్నారు. ఆగిన జీతం ఇప్పిస్తామన్నారు. స్త్రీలకు రాత్రి 8 గంటల తరువాత డ్యూటీ వేయరాదన్నారు. అన్నీ మంచివే. కాని రెండేళ్ళు యూనియన్ ఎన్నికలు ఉండవన్నారు. యూనియన్లకు బదులుగా డిపోలలో సంక్షేమ మండళ్ళు వెలసినవి. అడిగినప్పుడు కాదని, అడిగే నోరు మూయించి, పిమ్మట దయతలచి ఇవ్వడాన్ని నేను మేలు అనలేను. (హక్ వేరు, ఖైరాత్ వేరు, మన కళాశాలలో ఈ రెండు మాటలకు అర్థం చెప్పనక్కరలేదు.) 2019లో అసాధ్యమన్న విలీనమే 2023 ఆగస్టు 6న శాసనసభలో బిల్లుగా ఆమోదం పొందినది, 43,373 మంది కోసం. అది ఎన్నికల సంవత్సరం.

బస్సు అత్యవసర సేవ, సమ్మెతో చదువులు పాడవుతాయని కమిటీ పెద్దలు అనవచ్చు. నిజమే. ప్రభుత్వోద్యోగులకు సమ్మె హక్కు లేదని 2003లో తమిళనాడు ఉద్యోగుల కేసులో సుప్రీంకోర్టు సైతం అన్నది. ఆ తీర్పును గౌరవించినా, సంఘం పెట్టుకొనే హక్కు రాజ్యాంగం 19వ అధికరణలో చెక్కుచెదరక ఉన్నది. సంఘం లేనిచోట, బ్రేకు సరిగా పడని బస్సును నడపనని చెప్పే డ్రైవరుకు వెనుక ఎవరూ నిలబడరు. ఆ బస్సులో కూర్చునేది మనమే.

2025 మే 7 నుండి సమ్మె అని సంఘాలు మళ్ళీ నోటీసు ఇచ్చినవి. విలీనం అందులోనూ ఒక కోర్కె. ఈసారి చర్చలు జరిగినవి, సమ్మె వాయిదా పడినది. 7వ తేదీ ఉదయం మన రహదారి మీద బస్సులు నడిచినవి.