పాత హెడ్డుకు ధర కట్టేదెవరు?

వికారాబాదు, తాండూరుల పాత ఇనుప సామాన్ల కొట్లలో కాస్త ఓపికగా వెతికితే, కుప్పలో ఎక్కడో ఒక ఆయిలింజను హెడ్డు కనబడుతుంది. మిత్రులలో పట్నవాసులు ఎక్కువ గనుక చెబుతున్నాను: బావులకు కరెంటు మోటార్లు రాకముందు నీళ్ళు తోడినవీ, పిండిమరలు తిప్పినవీ ఈ ఇంజన్లే. సిలిండరును పైనుంచి మూసే బరువైన పోత ఇనుప మూతే హెడ్డు. గాలిని లోపలికి వదిలే వాల్వూ, పొగను బయటికి పంపే వాల్వూ అందులోనే ఉంటాయి.

కొట్టువాడు దాన్ని కాటా మీద పెట్టి కిలోల లెక్కన కొంటాడు. దాని మీద విలాయతు ముద్ర ఉంటే మాత్రం ఎవరో మధ్యవర్తి ఊడిపడి, పురాతన వస్తువంటూ మరో ధర పలుకుతాడు. నా దృష్టిలో రెండూ తప్పు లెక్కలే.

ఇంగ్లండులోని డర్స్‌లీలో 1987 దాకా తయారైన లిస్టరు డీజిలింజనునే తీసుకోండి. 6 గుర్రాల రకం నిమిషానికి 650 చుట్లే తిరిగేది. దాని నకళ్ళను రాజ్‌కోట్‌లో విస్తారంగా పోతపోశారు. పాత లిస్టరు హెడ్డుకు ఒక చిన్న చేతిచక్రం ఉండేది. దాన్ని బిగిస్తే లోపలి చిన్నగది మూసుకుని, ఒత్తిడి పెరిగి, చల్లటి ఇంజను సులువుగా అందుకునేది. బరువు పడ్డాక వదులు చేసేవారు. ముచ్చటైన ఏర్పాటే. కానీ చక్రం ఉన్నంత మాత్రాన పగుళ్ళు పూడవు కదా!

తాండూరు వైపు ఈ పగుళ్ళ సంగతి మరీ చూసుకోవాలి. అక్కడి నాపరాయి సున్నపురాయి జాతిది. నీళ్ళు కాచే గిన్నె అడుగున తెల్లగా పేరుకునే పొరే, అటువంటి బావినీళ్ళతో చల్లబడే హెడ్డు నీటిదారుల్లోనూ పేరుకుంటుంది. వేడి బయటపడే తోవ లేక, రెండు వాల్వు సీట్ల నడుమ సన్నటిచోట ఇనుము చిట్లుతుంది. పైన రంగు పూస్తే ఏమీ కనబడదు. కాబట్టి హెడ్డు వయసు కన్నా, అది ఏ ఊరి నీళ్ళు తాగిందో అడగడం మేలు.

పరీక్ష పెద్ద ఖర్చేమీ కాదు. వాల్వులు మూసి, గాలిదారిలోనూ పొగదారిలోనూ కిరసనాయిలు పోసి కాసేపు ఆగాలి. సీటు అంచున చెమ్మ తేలితే గ్రైండింగుతో బాగుపడవచ్చు. గైడు అరిగితే కొత్తది దిగ్గొట్టుకోవచ్చు. సీట్ల మధ్య పగులు ఉంటే మాత్రం అది తుక్కే. పోత ఇనుముకు వేసే వెల్డింగును నేను నమ్మను. అడుగుభాగాన్ని ఎన్నిసార్లు చెక్కించారో కూడా చూడాలి, చెక్కిన కొద్దీ వాల్వులు పిస్టనుకు దగ్గరపడతాయి.

నాలుగు చోట్ల ధర విచారించకుండా కందులు అమ్మని రైతు, తాతలనాటి ఇంజను హెడ్డును ఏ పరీక్షా లేకుండా తూకానికి వదిలేయడం నాకు మింగుడుపడదు. ఇంజను ఇంకా తిరుగుతుంటే అసలు హెడ్డును విప్పనే కూడదు; తిరిగే ఇంజనుగానే బేరం పెట్టాలి. విప్పక తప్పకపోతే, కిరసనాయిలు పోసి చూపిస్తానన్నా వద్దనే కొనుగోలుదారుతో నేనైతే బేరమే ఆడను.