సంక్రాంతి సెలవుల వంట ప్రాజెక్టు: ఈసారి ప్రింటౌట్లు వద్దు

నిరుడు సంక్రాంతి సెలవులకు ఏడో తరగతి పిల్లలకు నేనొక తెలుగు ప్రాజెక్టు ఇచ్చాను. పేరు ‘పండక్కి మా ఇంటి వంట’. ఇంట్లో చేసే ఒక వంట ఎంచుకుని, కావలసినవి, చేసే విధానం రాసి, బొమ్మ అతికించి తేవాలి. మొత్తం 20 మార్కులు, అందులో 5 నీట్‌నెస్‌కి. సెలవులయ్యాక టేబుల్ మీద చేరిన కట్ట చూసి మొదట మురిసిపోయాను. కలర్ ప్రింట్లు, స్కెచ్ పెన్నుల బార్డర్లు, ప్లాస్టిక్ ఫైళ్లు. చదవడం మొదలుపెట్టాక అసలు సంగతి బయటపడింది. పనీర్ బటర్ మసాలా, గులాబ్ జామ్, చాక్లెట్ కేక్, వెజ్ ఫ్రైడ్ రైస్. చాలా కాగితాల్లో మొదటి వాక్యం ఒక్కటే: ‘ముందుగా స్టవ్ ఆన్ చేసి పాన్ పెట్టుకోవాలి.’ ఒక పాపైతే ‘వీడియో నచ్చితే లైక్ చేయండి’ అన్న ముక్క కూడా దించేసింది.

ఆ కట్టలోనే ఒక గులాబ్ జామ్ కాగితానికి 18 మార్కులు వేశాను. తర్వాత పేరెంట్స్ మీటింగ్‌కి ఆ అబ్బాయి తరఫున వాళ్ల అమ్మమ్మ వచ్చింది. గోదావరి అవతల అడవి పల్లె వాళ్లది. చేతిలో చిన్న స్టీలు డబ్బా. మూత తీస్తే ఇప్పపువ్వు ఉండలు. ‘‘పండక్కి ఇంటికొచ్చినప్పుడు రోట్లో వీడే దంచాడు టీచరమ్మా, అచ్చం ఇట్లాగే కుదిరినయ్’’ అంది. అబ్బాయి తలెత్తలేదు. ఆమె వెళ్లాక పక్కకు పిలిచి, మరి ప్రాజెక్టులో ఇదే రాయొచ్చు కదరా అని అడిగాను. ‘‘ఇప్పపువ్వు అంటే సారా అని నవ్వుతారు మేడమ్’’ అన్నాడు.

చేసిన వంట దాచిపెట్టి, చేయని వంట రాసిచ్చాడు. దానికి 18 వేసింది నేను. ఇందులో తప్పు వాడిది కాదు. మెరుపు కాగితానికి మార్కులు పెడితే పిల్లలు మెరుపు కాగితమే తెస్తారు.

ఈ ఏడాది అదే ప్రాజెక్టు మళ్లీ ఇస్తున్నాను, పద్ధతి మార్చి. ఫొటోలు వద్దు, ప్రింట్లు వద్దు, ఫైలు అసలే వద్దు. పిల్లలు ఇంట్లో పెద్దవాళ్ల పక్కన నిలబడి ఒక వంట మొదటి నుంచి చివరి దాకా చూడాలి. చేయగలిగినంత చేయాలి. చూసింది చూసినట్టు సొంత చేతిరాతతో రెండు పేజీలు రాయాలి. దీని మీద ఇప్పటికే కొందరు పేరెంట్స్ నాతో మాట్లాడారు. ‘‘వంట రాయిస్తే ఏం లాభం మేడమ్, ఆ టైములో ఫౌండేషన్ మెటీరియల్ రెండు చాప్టర్లు అవుతాయి కదా’’ అని ఒక నాన్నగారు అడిగారు. మర్యాదగానే అడిగారు, న్యాయమైన ప్రశ్నే. ఆ రెండు చాప్టర్లు ఎలాగూ ఫిబ్రవరిలో మళ్లీ చెబుతాం. అమ్మమ్మ పాకం పట్టడం మాత్రం సంక్రాంతి ముందు రెండు రోజులే ఉంటుంది.

కాగితం మీది వంటకూ చేతిలోని వంటకూ ఎంత తేడా ఉంటుందో నాకు అరిసెలు నేర్పాయి. రెండేళ్ల కిందట ఒక పండక్కి అమ్మ మా ఇంటికి రాలేకపోయింది. కొలతలు నా దగ్గర రాసి ఉన్నాయి: కిలో బియ్యానికి ముప్పావు కిలో బెల్లం. బియ్యం నానబెట్టాను, మర పట్టించాను, పాకం పట్టి పిండి కలిపాను. మొదటి అరిసె నూనెలో వేయగానే పొరలు పొరలుగా విడిపోయింది. రెండోదీ అంతే. అమ్మకు ఫోన్ చేస్తే ఆవిడ కొలతల గురించి అడగనేలేదు. ‘‘పిండి పిడికిట్లో పట్టి చూశావా? ముద్దగా నిలిచిందా, జారిపోయిందా? పాకం నీళ్లలో వేస్తే ఉండ వచ్చిందా?’’ ఈ రెండే అడిగింది. రెండూ నేను చూడలేదు. మర నుంచి తెచ్చిన పిండి మూత పెట్టకుండా వదిలేశాను, తడి ఆరిపోయింది. పాకం లేతగా ఉండగానే దించేశాను. ముదిరి ఉంటే ఇంకోలా చెడేది, అరిసె గట్టిపడి పళ్లకు పని పెట్టేది. గిన్నెలో చల్లనీళ్లు పోసి, పాకం చుక్క వేసి, వేలితో దగ్గరకు తీస్తే మెత్తటి ఉండ కావాలి. ఎంత మెత్తగా అని రాయమంటే నేనూ రాయలేను. వేలికి తెలియాలి. పక్కన నిలబడితేనే అది తెలుస్తుంది.

సకినాలూ అంతే. రాత్రంతా నానిన బియ్యం వడగట్టి, తడి ఉండగానే పిండి పట్టించి, నువ్వులు, వాము, ఉప్పు వేసి, నీళ్లు కొద్దికొద్దిగా చల్లుతూ కలపాలి. కిలో బియ్యానికి పావుకిలో నువ్వులు మా ఇంటి లెక్క. మీ ఇంట్లో వేరేగా ఉంటే పిల్లలు మీ లెక్కే రాయాలి. అసలు విద్య బొటనవేలూ చూపుడువేలూ పిండిని మెలి తిప్పుతూ గుడ్డ మీద చుట్టు వెంట చుట్టు పోయడంలో ఉంది. మొదటి పది సకినాలు ఎవరికైనా వంకరే వస్తాయి. వాటిని పారేయకండి, అవే నాకు కావాలి. ఒక్కరే కూర్చుని చేసే వంట కూడా కాదిది. ఈ రోజు మీ ఇంట్లో, రేపు పక్కింట్లో, నలుగురు ఆడవాళ్లు గుడ్డ చుట్టూ కూర్చుంటారు. ఆ కూర్చున్నప్పుడు వినిపించే కబుర్లలో పిల్లలకు ఎన్ని తెలుగు మాటలు దొరుకుతాయో, తెలుగు టీచరుగా నా స్వార్థం అదే అనుకోండి. ఒక పాపకు నిరుడు ‘చెరగడం’, ‘జల్లించడం’ రెండూ ఒకటే. చాట, జల్లెడ రెండూ ఒకసారి చేతిలోకి వస్తే ఆ సందేహం మళ్లీ రాదు.

కొలతల సంగతి కూడా చెప్పాలి. మా అమ్మ బియ్యం డబ్బాలో ఇప్పటికీ ఇత్తడి సోల ఉంది. నాలుగు గిద్దెలు ఒక సోల, రెండు సోలలు ఒక తవ్వ, రెండు తవ్వలు ఒక మానిక. మీ ఇంట్లోనూ సోల గానీ, కొలతకు వాడే పాత గ్లాసు గానీ ఉంటే పిల్లల చేత దానితో బియ్యం ఒకసారి, పిండి ఒకసారి తూకం వేయించండి. సోల ఒకటే, బరువులు రెండు. ఎందుకలా వచ్చాయో రాసిన వాళ్లకు సైన్స్ టీచర్ కూడా మార్కులు ఇస్తానన్నారు.

మన ప్రాంతానికి ఇంకో అదృష్టం ఉంది. ఖమ్మం అంటే అటు కృష్ణా జిల్లా వంటిల్లు, ఇటు వరంగల్ వంటిల్లు, పైన అడవి. క్లాసులో ఒకే బెంచీ మీద ఒకరు మురుకులంటారు, ఇంకొకరు జంతికలంటారు, మూడో పిల్ల చక్రాలంటుంది. మధిర వైపు పిల్లలకు ఎక్కువగా పండగంటే అరిసెలు, మహబూబాబాద్ వైపు వాళ్లకు సకినాలు. కనుమ రోజు మినప గారెలు, నాటుకోడి పులుసు అందరివీ. భద్రాచలం సంగతి మరీ చిత్రం. 2014లో పోలవరం ముంపు మండలాలు ఆంధ్రప్రదేశ్‌లో కలిసినప్పుడు టౌను తెలంగాణలోనే ఉండిపోయింది, చుట్టుపక్కల పల్లెలు చాలావరకు అటు వెళ్లాయి. ఎటపాక వైపు నాలుగడుగులు వేస్తే రాష్ట్రం మారుతుంది. అమ్మమ్మ ఒక రాష్ట్రంలో, నాయనమ్మ ఇంకో రాష్ట్రంలో ఉన్న పిల్లలు మనకున్నారు. ఇద్దరూ చేసే పులుసు మాత్రం ఒకటే.

ఇక అడవి పల్లెల నుంచి వచ్చే పిల్లల తల్లిదండ్రులతో ప్రత్యేకంగా ఒక మాట. నిరుడు ప్రాజెక్టు పేరులోనే నేను ‘సంక్రాంతి’ అన్నట్టు బిగించేశాను. కోయ పల్లెల్లో కొత్తగా కాసిన కాయైనా, కొత్తగా పండిన గింజైనా ముందు వేల్పులకు పెట్టి, ఊరంతా పండగ చేసుకున్నాకే నోట్లో పెట్టుకుంటారు. ఆ పండగలు స్కూలు సెలవుల పట్టికలో ఉండవు. ఈసారి ఏ పండగ వంటైనా రాయొచ్చు. వంట పేరు ఇంట్లో కోయ మాటలో ఏమంటారో ఆ మాటే శీర్షికగా పెట్టొచ్చు, తెలుగు లిపిలో రాస్తే చాలు. రంజాన్ షీర్ ఖుర్మా, క్రిస్మస్‌కి చేసే రోజ్ కుకీలు రాసే పిల్లలకూ ఇదే మాట.

ఇప్పపువ్వు ఉండలు ఎలా చేస్తారో ఆ అమ్మమ్మను అడిగి రాసుకున్నాను, వీలైతే మీరూ చేయండి. ఎండాకాలం మొదట్లో తెల్లవారుజామున చెట్టు కింద రాలిన పువ్వు ఏరి, ఎండబెట్టి దాచింది కావాలి. దాన్ని చేత్తో నలిపితే లోపలి కేసరాలు రాలిపోతాయి, చెరిగి శుభ్రం చేసుకోవాలి. వట్టి మూకుట్లో సన్నని మంట మీద దోరగా వేయించాలి. నువ్వులు విడిగా వేయించాలి, పల్లీలు ఉంటే అవీ. పువ్వులోనే తీపి బాగా ఉంటుంది కాబట్టి బెల్లం కొంచెం చాలు. అన్నీ రోట్లో దంచితే నువ్వుల నూనె, పువ్వు జిగట కలిసి ఉండ దానంతట అదే కడుతుంది. నెయ్యి అక్కర్లేదు. నేను మిక్సీలో ప్రయత్నించాను, పొడి అయింది తప్ప ఉండ కట్టలేదు.

ఇది చూసి నవ్వే పిల్లలు మన ఇళ్లలోనే ఉన్నారు. ఆ నవ్వు వాళ్లకు పుట్టుకతో రాలేదు, మన మాటల్లోంచే పట్టుకున్నారు. చిత్రం ఏమిటంటే, పాపికొండల టూరుకు వెళ్లినప్పుడు ఇదే మనం వరసలో నిలబడి డబ్బులిచ్చి మరీ బొంగు చికెన్ తింటాం. పచ్చి వెదురు బొంగులో మాంసం కూరి, ఆకుతో మూసి, నిప్పుల మీద కాల్చే ఆ విద్య ఎవరిది? ఆ పిల్లాడి అమ్మమ్మల, తాతలదే. ఉట్నూరులో ఆదివాసీ మహిళలు చేసే ఇప్పపువ్వు లడ్డూలు ఆశ్రమ పాఠశాలల పిల్లలకు అందుతున్నాయి. మన భద్రాచలం మహిళలు చిరుధాన్యాలతో చేసే ‘భద్రాద్రి మిల్లెట్ మ్యాజిక్’ బిస్కెట్ల గురించి 2025 జూన్‌లో ప్రధానమంత్రి ‘మన్ కీ బాత్’లో దేశమంతటికీ చెప్పారు. దేశం మెచ్చుకుంటున్న తిండిని మన క్లాసులో పిల్లాడు దాచుకుంటున్నాడు. ఎండు చేపల పులుసు, జొన్న సంకటి, వెదురు కొమ్ముల కూర ఏది రాసినా ఈసారి మార్కులు తగ్గవు. అది చదివేటప్పుడు క్లాసులో ఎవరు నవ్వుతారో నేను చూసుకుంటాను. ఇంట్లో మీరు చూసుకోండి.

కొన్ని పని మాటలు. మరుగుతున్న నూనె దగ్గరకు పిల్లల్ని రానివ్వకండి. సకినాల్లో తడి ఎక్కువైతే నూనెలో పేలతాయి కూడా. చెరగడం, దంచడం, చుట్టడం, కొలవడం వాళ్ల పని, వేయించడం మీది. మగపిల్లలకు మినహాయింపు లేదు. ‘అబ్బాయి కదా మేడమ్, అక్క రాసింది చూసి రాశాడు’ అనే వివరణ నిరుడు మూడుసార్లు విన్నాను. నాన్నగార్లు కూడా బెల్లం కొట్టే పనికి పనికొస్తారు. రాసేది పిల్లలే రాయాలి. అక్షర దోషాలుంటే ఉండనివ్వండి, దిద్దడానికే నన్ను పెట్టుకున్నారు.

ఈ మధ్య పిండివంటలు స్వీట్ షాపులోనే కొంటున్నాం, మా పిల్లలేం రాయాలి అని అడిగే వాళ్లుంటారు. కొనడం తప్పేం కాదు, ఉద్యోగాలు చేసుకునే ఇళ్లు మనవి, నేనూ కొంటాను. అలాంటప్పుడు ఊళ్లో ఉన్న పెద్దమ్మకో, మేనత్తకో పిల్లల చేత ఫోన్ చేయించండి. అరగంట మాట్లాడి అడిగి రాసినా ఒప్పుకుంటాను. ఇంట్లో పప్పు తిరగమోత ఎలా పెడతారో రాసినా సరే, ఇంట్లో చూసిందై ఉండాలి. నీట్‌నెస్ మార్కులు తీసేశాను. వాటి స్థానంలో ఐదు మార్కులు ఒక ప్రశ్నకు పెట్టాను: ‘వంట చేసేటప్పుడు ఏది చెడిపోయింది, ఎవరు సరిచేశారు, ఎలా?’

స్కూలు తెరిచిన మొదటి రోజు రెండు పేజీలతో పాటు చిన్న డబ్బాలో నాలుగైదు ముక్కలు పంపండి. విరిగినవైనా పర్వాలేదు. డబ్బా మీద పేరూ సెక్షనూ రాయండి, నూనె పుస్తకాలకు అంటకుండా మూత గట్టిగా పెట్టండి. ఆ అబ్బాయి ఇప్పుడు ఎనిమిదిలో ఉన్నాడు, ఈ ప్రాజెక్టు వాడికి లేదు. అయినా డబ్బా తెస్తానన్నాడు.