గ్యారేజీ ముచ్చట్లు: ఆరని పసుపు లైటు

పోయిన నెల టైర్ల గాలి గురించి చెప్పుకున్నాం. ఈ నెల చెప్పేది నా సొంత తప్పు గురించి. దాని వల్ల మనవాళ్ల ఇంట్లో ఒకరి డబ్బులైనా మిగిలితే చాలు.

మా గల్లీలో ఒక బావ ఉన్నాడు. ముప్పై ఏళ్లు మరమగ్గాల మీద టవళ్లు నేశాడు. ఆ చప్పుడుకు చెవులు మందగించాయి. పని మానేశాక 2014 మోడల్ పెట్రోల్ కారు సెకండ్‌లో కొని, ట్యాక్సీ పర్మిట్ తీసుకుని, షోలాపూర్ నుంచి తుల్జాపూర్, అక్కల్‌కోట్, పండరీపూర్ యాత్రికులను తిప్పుతున్నాడు. ఒక రోజు పొద్దున గ్యారేజీకొచ్చి, "బామ్మర్దీ, ఇంజన్ బొమ్మ లైటు ఎలుగుతోంది, జర చూడు" అన్నాడు.

స్కానర్ పెట్టాను. పి0420 అని వచ్చింది. క్యాటలిటిక్ కన్వర్టర్ పని తగ్గిందని ఆ కోడ్ అర్థం. వెనక సెన్సార్ పాడై ఉంటుందిలే అని ఊహించి, కొత్తది వేసి, కోడ్ చెరిపేసి 4,200 తీసుకున్నాను. లైటు ఆరింది. తొమ్మిదో రోజున మళ్లీ వెలిగింది.

బావ నన్ను అడగడానికి మొహమాటపడి ఇంకో గ్యారేజీకి పోయాడు. వాళ్లు కన్వర్టరే మార్చాలి, 32,000 అవుతుందన్నారు. బిడ్డ నర్సింగ్ ఫీజు కోసం దాచుకున్న భిశీ ఎత్తుదామని అక్కతో అన్నాడట. అక్క నా దగ్గరికి వచ్చి, "తమ్మీ, నిజంగా అంత ఖర్చు ఉందా?" అని అడిగింది. నా దగ్గర జవాబు లేదు. ఎందుకంటే నేను కోడ్ చదివానే గాని కారును చూడలేదు.

మగ్గం తెలిసినవాళ్లకు ఇది తొందరగా అర్థమవుతుంది. పేక తెగితే ఫోర్కు మగ్గాన్ని ఆపేస్తుంది. కాని ఒక్కోసారి పేక బాగానే ఉంటుంది, ఫోర్కే వంగి ఉంటుంది. మగ్గం ఆగింది కాబట్టి నూలు చెడ్డదని బండిల్ అంతా పారేస్తామా? ఈ లైటు కూడా అంతే. ఏ సామాను పోయిందో అది చెప్పదు. కొలత తేడాగా వచ్చిందని మాత్రమే చెబుతుంది.

ఆ కొలత ఏమిటంటే, కన్వర్టర్ అనేది సైలెన్సర్ పైపులో ఇంజన్ దగ్గర ఉండే డబ్బా. లోపల తేనెపట్టు లాంటి పింగాణీ దిమ్మ, దాని మీద ప్లాటినం, పల్లాడియం, రోడియం లాంటి ఖరీదైన లోహాల పూత ఉంటాయి. బాగా వేడెక్కాక అది విషపు పొగను చాలావరకు శుభ్రం చేస్తుంది. దానికి ముందొకటి, వెనకొకటి ఆక్సిజన్ సెన్సార్లు ఉంటాయి. ముందుది 0.1 నుంచి 0.9 వోల్టుల మధ్య గబగబా ఊగుతుంది. కన్వర్టర్ బాగుంటే వెనకది 0.6, 0.7 దగ్గర నిలకడగా ఉంటుంది. వెనకది కూడా ముందుదానిలాగే ఊగితే కన్వర్టర్ మీద అనుమానపడాలి. 2010 ఏప్రిల్‌లో బీఎస్-4 మొదట వచ్చిన 13 నగరాల్లో మన షోలాపూర్ కూడా ఉంది. 2013 ఏప్రిల్ నుంచి బీఎస్-4 కార్లలో ఇట్లా కన్వర్టర్‌ను కనిపెట్టి చూసే ఏర్పాటు తప్పనిసరైంది.

ఈసారి బావ కారును రాత్రి గ్యారేజీలోనే ఉంచుకున్నాను. తెల్లారి, వేరే ఇంజన్లేవీ మొదలవకముందే, చల్లగా ఉండగా స్టార్ట్ చేశాను. కింద నుంచి టిక్ టిక్‌మని సన్నని చప్పుడు. రెండు మూడు నిమిషాల్లో ఇనుము వేడెక్కి వ్యాకోచించగానే చప్పుడు పోయింది. బావకు చెవులు సరిగా వినపడవు. నేనేమో అంతకుముందు వేడి ఇంజనునే చూశాను. అందుకే ఇద్దరికీ తెలియలేదు.

ఇంజను ఆపి, చల్లారాక, సైలెన్సర్ చివర నుంచి బ్లోయర్‌తో గాలి కొట్టి, జాయింట్ల మీద సబ్బు నీళ్లు పోశాను. కన్వర్టర్ వెనక జాయింట్ దగ్గర బుడగలు లేచాయి. అక్కడ గాస్కెట్ కాలిపోయి, చుట్టూ నల్లగా మసి పట్టి ఉంది. ఆ సందులో నుంచి బయటి గాలి లోపలికి పోయి వెనక సెన్సార్‌ను తప్పుదోవ పట్టిస్తోంది. స్కానర్‌లో చూస్తే వెనక గీత ముందుదానిలాగా ఊగడం లేదు, మధ్యమధ్య దభీమని కిందికి పడుతోంది. ఆ తేడా మొదటి రోజే చూడాల్సింది.

గాస్కెట్, బోల్టులు కలిపి 650 అయింది. తీసేసిన పాత సెన్సారే మళ్లీ బిగించాను. కొత్త సెన్సార్ తీసేసి, 4,200 బావకు తిరిగిచ్చాను. తుల్జాపూర్ దాకా నడిపి వచ్చాక వెనక గీత నిలకడగా ఉంది. ఇప్పటికి నాలుగు నెలలైంది, లైటు వెలగలేదు.

అందరివీ గాస్కెట్‌తో పోతాయని కాదు. కన్వర్టర్ నిజంగానే చెడిపోయే కార్లూ ఉన్నాయి. అందుకే డబ్బు కట్టే ముందు మెకానిక్‌ను ఈ నాలుగూ అడగండి:

ఒకటి, ఇంకేమైనా కోడ్లు ఉన్నాయా? మిస్‌ఫైర్ ఉంటే ముందు ప్లగ్గులు, కాయిల్ చూడాలి.

రెండు, చల్లని ఇంజను మీద పొగ లీకు చూశారా?

మూడు, ఇంజను వేడెక్కాక రెండు సెన్సార్ల గీతలూ పక్కపక్కన చూపిస్తారా?

నాలుగు, కన్వర్టర్ పోయి ఉంటే ఎందుకు పోయింది? నీలం పొగ వస్తుంటే ఇంజను ఆయిల్ తాగుతోందని అర్థం. ఆ జబ్బు నయం చేయకుండా కొత్తది వేస్తే అదీ పోతుంది.

లైటు ఊరికే చెరిపేయించుకోకండి. కారు తనను తాను పరీక్షించుకోవడానికి కొన్ని ప్రయాణాలు పడుతుంది కాబట్టి, నాలుగు రోజులు వెలగకపోతే బాగైందని కాదు. నేను మోసపోయింది అక్కడే. లైటు నిలకడగా ఉండి, కారు మామూలుగా లాగుతుంటే మెల్లగా గ్యారేజీకి తీసుకుపోవచ్చు. లైటు మినుకుమినుకుమంటుంటే మాత్రం పక్కకు ఆపండి. కాలని పెట్రోలు వేడి కన్వర్టర్‌లోకి పోయి దాన్ని మాడ్చేస్తుంది.

కన్వర్టర్ తీసేసి ఖాళీ పైపు వేస్తాం, దానికి ఎదురు డబ్బులిస్తాం అనేవాళ్లు కూడా ఉంటారు. లోపలి లోహాల కోసమే వాళ్ల ఆశ. అట్లా తీయడం చట్టానికి విరుద్ధం. ఆ పొగ పీల్చేది మన గల్లీ పిల్లలే.

బావ భిశీ ఎత్తలేదు. బిడ్డ ఫీజు కట్టేశారు. వచ్చే నెల బ్యాటరీ సంగతి చెప్పుకుందాం.